లూస్ పీటీ టెన్షన్ గేజ్: విశాఖ బోట్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

ముందు తీర్పు చెప్పేస్తాం. తెరచాప బోటు మాస్టును (స్తంభాన్ని) పట్టి ఉంచే తీగల బిగువు కొలిచే పరికరం ఇది. మీ బోటు ష్రౌడ్లు (మాస్టును రెండు పక్కలా పట్టి ఉంచే తీగలు) 5 లేదా 6 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగవైతే, మాస్టును ఏడాదికి ఒకసారైనా దించి ఎక్కిస్తుంటే, లూస్ పీటీ-2ఎం గేజ్ డబ్బుకు తగ్గ వస్తువే. 420, 470, ఎంటర్‌ప్రైజ్ లాంటి డింగీలు (చిన్న తెరచాప పడవలు) ఒకేచోట కొన్ని ఉంటే, అందరికీ కలిపి ఒక పీటీ-1ఎం చాలు. ఆప్టిమిస్ట్, లేజర్ డింగీలు మాత్రమే నడిపేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. ఆ మాస్టులను పట్టి ఉంచే తీగలే ఉండవు. ఒక్క బోటే ఉండి, ఒకసారి సరిచేసుకున్నాక ఏళ్ల తరబడి మాస్టు కదపనివాళ్లకు మాత్రం ఒక స్టీలు టేపూ ఒక వెర్నియర్ కాలిపరూ సరిపోతాయి. ఆ పద్ధతి కూడా కింద వివరంగా ఇస్తున్నాం. గేజ్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోవడానికి కూడా అదే దారి.

లూస్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో వైర్ రోప్ తయారుచేసే సంస్థ. వాళ్ల పీటీ రకం గేజ్ పనిచేసే తీరు చాలా సాదా. అల్యూమినియం బాడీ రెండు చివర్లా తీగకు ఆనుతుంది. మధ్యలో స్ప్రింగు పట్టిన కొక్కెం తీగను పక్కకు లాగుతుంది. తీగ బిగువుగా ఉంటే తక్కువ వంగుతుంది, వదులుగా ఉంటే ఎక్కువ వంగుతుంది. ఆ తేడా స్కేలు మీద ఒక అంకెగా కనిపిస్తుంది. ఆ అంకెను గేజ్‌తో వచ్చే పట్టికలో మీ తీగ మందం కింద చూసుకుంటే బిగువు ఎంతో తెలుస్తుంది. బ్యాటరీ లేదు, తెర లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు.

పాత రకం ఏ, బీ మోడళ్ల కంటే పీటీలో అసలైన మేలు ఒకటుంది. ఒకసారి కొక్కెం తగిలించాక గేజ్ తీగ మీదే నిలబడుతుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఒక చేత్తో టర్న్‌బకుల్ (తీగను బిగించే మరల అమరిక) మీది కొనను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బాడీని తిప్పుతూ అంకె మారడం చూడొచ్చు. పాత మోడల్‌ను ప్రతిసారీ చేత్తో లాగి పట్టుకుని చదవాలి. ఇద్దరు చదివితే రెండు అంకెలొస్తాయి. ధర తక్కువని దాన్నే కొనేవాళ్లున్నారు కానీ, ఒంటరిగా పనిచేసుకునేవాళ్లకు పీటీయే సుఖం.

మోడల్ ఎంచుకునేటప్పుడే సగం తప్పులు జరుగుతాయి. ఈ గేజ్‌లు రెండు కొలమానాల్లో వస్తాయి: అంగుళాల తీగలకు పీటీ-1, పీటీ-2, మిల్లీమీటర్ల తీగలకు చివర్లో 'ఎం' చేరిన పీటీ-1ఎం, పీటీ-2ఎం. పీటీ-1ఎం 2.5, 3, 4 మి.మీ. తీగలకు. 5, 6 మి.మీ. అయితే పీటీ-2ఎం. అంతకంటే లావు తీగలకు పీటీ-3 ఉంది, ధర బాగా పెరుగుతుంది. "అంగుళాల గేజ్ చవగ్గా దొరికింది, దగ్గర దగ్గర కొలతే కదా" అనుకుంటే కుదరదు. అంగుళంలో 5/32 అంటే 3.97 మి.మీ., కాబట్టి 4 మి.మీ. తీగకు అది చెల్లుతుంది. కానీ 3/16 అంటే 4.76 మి.మీ. దాని గడిలో 5 మి.మీ. తీగను చదివితే, తీగ లావుగా ఉన్నందుకు అది వంగడానికి ఇష్టపడని గుణం కూడా బిగువు ఖాతాలోకే వెళ్తుంది. వంపుకు ఎదురు నిలిచే శక్తి మందంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది మరి. కొనేముందు ష్రౌడ్‌ను వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి, రెండు ఎదురెదురు పోగుల వీపుల మీదుగా. బోటు కాగితాల్లో రాసిన మందాన్ని నమ్మొద్దు. మధ్యలో ఎవరో ఒకరు తీగ మార్చి ఉండొచ్చు.

తీగ అల్లిక కూడా చూడాలి. పట్టికలు 1×19 అల్లికకు వేసినవి, అంటే పందొమ్మిది పోగులను కలిపి ఒకే పేటగా పేనిన గట్టి తీగకు. పోగులను నొక్కి దట్టం చేసిన కాంపాక్ట్ తీగకు అవే అంకెలు వర్తించవు. 7×19 లాంటి మెత్తటి తీగకు, ప్లాస్టిక్ తొడుగు ఉన్న లైఫ్‌లైన్లకు (డెక్ అంచున పట్టుకునే తీగలకు), డైనీమా అనే సింథటిక్ తాళ్లకు అసలే పనికిరాదు. విశాఖ పోర్టు ఊరు కాబట్టి వైర్ రోప్ అని అడిగితే లిఫ్టింగుకు వాడే 6×19, 6×36 రకాలు సులువుగా చేతికొస్తాయి. అవి పుల్లీల మీద వంగడానికి పుట్టిన తాళ్లు. ష్రౌడ్‌గా వేస్తే సాగుతూనే ఉంటాయి, ఎంత ట్యూన్ చేసినా నిలవవు.

ఇక అంకె అర్థం. పౌండ్లో కిలోలో గుర్తుపెట్టుకునే కంటే తీగ తెగే భారంలో ఎన్నో శాతం అని ఆలోచించడం మంచి అలవాటు. 316 గ్రేడు 1×19 తీగ తెగే భారం, తయారీదారును బట్టి కొంచెం అటూఇటూగా, 3 మి.మీ.కు 700 కిలోలు, 4 మి.మీ.కు 1,250, 5 మి.మీ.కు 1,950, 6 మి.మీ.కు 2,800. బోటు కట్టు దగ్గర నిలబెట్టి బిగించేటప్పుడు మాస్టు తల దాకా వెళ్లే క్యాప్ ష్రౌడ్లకు 15 శాతం దగ్గర మొదలుపెట్టాలి. స్ప్రెడర్లు (ష్రౌడ్లను మాస్టుకు దూరంగా నెట్టి ఉంచే అడ్డకర్రలు) వెనక్కి వాలి ఉన్న ఫ్రాక్షనల్ రిగ్‌కు, అంటే ముందు తీగ మాస్టు తల దాకా వెళ్లని అమరికకు, 20 దాకా పోవచ్చు. 25 దాటించకూడదు. లెక్కలో చెప్పాలంటే 5 మి.మీ. ష్రౌడ్‌కు 15 శాతం అంటే సుమారు 290 కిలోలు. రెండు వైపులా కలిపి దాదాపు 580 కిలోలు మాస్టును కిందికి నొక్కుతున్నాయి. లోయర్ ష్రౌడ్లు (మాస్టు మధ్యదాకా వెళ్లేవి), ఫోర్‌స్టే (ముందు తీగ), బ్యాక్‌స్టే (వెనక తీగ) భారం దీనికి పైన. డెక్ మీద నిలబెట్టిన మాస్టు అయితే ఈ బరువంతా డెక్ కింది కమ్మీయో గోడో మొయ్యాలి. డెక్ కుంగి, క్యాబిన్ తలుపు పట్టేస్తోందంటే గేజ్ అంకె ఎంత అందంగా ఉన్నా ఆపి, ముందు కింద చూడాలి.

గేజ్‌ను సరిచూసే స్టీలు టేపు పద్ధతికి మూలం ఒక సాదా నిజం. 1×19 స్టెయిన్‌లెస్ తీగలో 2 మీటర్ల పొడవు 1 మి.మీ. సాగితే, ఆ తీగ మీద తెగే భారంలో 5 శాతం పడినట్టు. తీగ 4 మి.మీ. అయినా 8 మి.మీ. అయినా ఇదే లెక్క. రెండు వైపుల ష్రౌడ్లనూ ముందు చేతి బిగువుకు తేవాలి. వేలాడకూడదు, అలాగని భారమూ పడకూడదు. కింది స్వేజ్ ఫిట్టింగు (తీగ కొనకు నొక్కి బిగించిన లోహపు ముక్క) పై అంచుకు టేపు కొన సరిగ్గా ఆనించి, తీగ వెంబడే పైకి 2 మీటర్ల దగ్గర టేపును తీగకు గట్టిగా కట్టెయ్యాలి. కింది కొన స్వేచ్ఛగా ఉండాలి. టర్న్‌బకుల్ బిగించే కొద్దీ తీగ సాగి, టేపు కొనకూ ఫిట్టింగుకూ మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందును వెర్నియర్‌తో కొలిస్తే 3 మి.మీ. దగ్గర 15 శాతం. వెర్నియర్ 0.1 మి.మీ. చూపిస్తుంది, అంటే అర శాతం తేడా కూడా తెలుస్తుంది. స్ప్రింగు గేజ్‌కు అంత నిశితం లేదు.

మరి గేజ్ ఎందుకు? టేపు పద్ధతికి సున్నా కావాలి. రిగ్ మొత్తం వదులు చేస్తే తప్ప కొలత మొదలవదు. నిన్న బిగించిన రిగ్ ఇవాళ ఎలా ఉందో, ఎడమకూ కుడికీ తేడా ఎంతో, గట్టి గాలిలో తిరిగొచ్చాక కొత్త తీగ ఎంత సాగిందో టేపు చెప్పలేదు. గేజ్ నిమిషంలో చెబుతుంది, దేన్నీ వదులు చేయకుండానే. కాబట్టి అసలు బిగువు మొదటిసారి టేపుతో తేల్చుకుని, ఆ క్షణంలో గేజ్ ఏ అంకె చూపిస్తోందో రాసిపెట్టుకోవాలి. అప్పట్నుంచి ఆ అంకే మీ బోటు కొలత. పట్టికలోని కిలోలకూ టేపు లెక్కకూ కాస్త తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

చదివే తీరులో కొంచెం శ్రద్ధ కావాలి. గేజ్‌ను డెక్ నుంచి ఛాతీ ఎత్తులో, ప్రతిసారీ ఒకే చోట పెట్టండి. ఆ చోట సన్న టేపుతో గుర్తు వేసుకోండి, చూశాక తీసేయండి. స్వేజ్‌కు దగ్గరగా పెడితే తీగ అక్కడ బిర్రుగా ఉండి అంకె పెరుగుతుంది. ష్రౌడ్ మీద ప్లాస్టిక్ గొట్టం ఉంటే పైకి జరపాలి. కొక్కెం తగిలించాక స్ప్రింగును టక్కున వదలకుండా మెల్లగా వదిలి, గేజ్‌ను వేలితో ఒకసారి తట్టి చదవండి. మూడుసార్లు తీసి పెట్టి చూస్తే మూడూ ఒకటే రావాలి. రాకపోతే తీగ మీద ఉప్పు పొరో, ఆనే చోట ఇసుకో ఉన్నట్టు. పొట్టి తీగల మీద మాత్రం ఈ గేజ్‌ను నమ్మొద్దు. కొక్కెం పక్కకు లాగడం వల్లే పొట్టి తీగ బిగువు కొంత పెరిగిపోతుంది. పొడవాటి ష్రౌడ్‌లో ఆ పెరుగుదల లెక్కలోకి రాదు.

విశాఖ వాతావరణం విషయంలో రెండు మాటలు. పొద్దుటి పూట, సముద్రపు గాలి లేవకముందు ఈ పని పెట్టుకోవాలి. గాలి తగిలిన మాస్టు ఒక వైపు ష్రౌడ్‌ను లాగుతుంది, రెండో వైపు వదులు చేస్తుంది. అప్పుడు కొలిచి సమానం చేశామనుకుంటే, నిజానికి మాస్టును వంకర చేసినట్టే. ఇంకోటి, ఎండ. అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మాస్టు 25 డిగ్రీలు వేడెక్కితే, 10 మీటర్ల మాస్టు తీగల కంటే దాదాపు 1.75 మి.మీ. ఎక్కువ సాగుతుంది. ష్రౌడ్‌లో అది తెగే భారంలో రెండు శాతానికి దగ్గర. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం చూసి "బిగువు పెరిగిందేంటి" అని వదులు చేసి, మర్నాడు పొద్దున చూస్తే తక్కువ కనిపిస్తుంది. రాసిపెట్టే అంకె పక్కన వేళ కూడా రాయాలి. కొలిచేటప్పుడు మనుషులు బోటు మధ్యలో ఉండాలి. ఒకరు సైడ్ డెక్ మీద నిలబడ్డా చిన్న బోటు ఒరిగి అంకె మారుతుంది.

గేజ్ చేతికి రాగానే నేరుగా ష్రౌడ్లు బిగించేవాళ్లను చూస్తుంటాం. గేజ్ వంతు చివర్లో వస్తుంది. ముందు టర్న్‌బకుల్స్ అన్నీ విప్పి, మరల్లోని ఉప్పును మంచినీళ్లతో బ్రష్ పెట్టి కడిగి, ఆరాక లానోలిన్ గ్రీజు పట్టించాలి. స్టెయిన్‌లెస్ మరలో స్టెయిన్‌లెస్ స్క్రూ పొడిగా, భారం మీద తిరిగితే రెండు లోహాలూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒక్కసారి పట్టేస్తే స్పానర్ ఎంత పెద్దదైనా లాభం లేదు, కోసి తియ్యాల్సిందే. బిగించేటప్పుడు చేతికి ఉన్నట్టుండి బరువుగా తగిలితే అక్కడే ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ గ్రీజు పెట్టాలి. కంచు బాడీ ఉన్న టర్న్‌బకుల్స్‌కు ఈ బాధ లేదు. ఉప్పు ఊళ్లలో అవే మేలు.

తర్వాత మాస్టు వాలు. మెయిన్ హాల్‌యార్డ్‌కు (పెద్ద తెరచాపను పైకి లాగే తాడుకు) తాపీమేస్త్రీల తూకం గుండు కట్టి, బూమ్ (తెరచాప కింది అడ్డదూలం) ఎత్తు దాకా వదిలి, గుండును నీళ్ల బకెట్లో ముంచితే ఊగకుండా నిలుస్తుంది. మాస్టు వెనక ముఖం నుంచి తాడు ఎంత దూరం ఉందో కొలవాలి. మాస్టు తల నుంచి 10 మీటర్ల కిందికి ఒక డిగ్రీ వాలు అంటే 175 మి.మీ. ఫోర్‌స్టే పొడవుతో ఈ వాలు కుదిరాక పక్కల సంగతి. అదే హాల్‌యార్డ్‌కు స్టీలు టేపు కట్టి పైకి లాగి, ఎడమ చైన్ ప్లేట్‌కు (ష్రౌడ్‌ను బోటుకు పట్టి ఉంచే లోహపు పట్టీకి) ఎంతో, కుడి చైన్ ప్లేట్‌కు ఎంతో చూడాలి. హాల్‌యార్డ్ తాడుతోనే కొలిస్తే, రెండు వైపులా ఒకేలా లాగడం ఎవరి చేతా కాదు. తాడు సాగి 10, 20 మి.మీ. తప్పు వస్తుంది. రెండు కొలతలూ సమానమయ్యేదాకా క్యాప్ ష్రౌడ్లను చేతి బిగువు మీదే సర్దాలి. చైన్ ప్లేట్లు రెండూ ఒకే ఎత్తులో, మధ్యగీతకు ఒకే దూరంలో ఉన్నాయని కూడా ఒకసారి తేల్చుకోండి. పాత బోట్లలో అవి తేడాగా ఉంటే ఈ కొలత అంతా పక్కదారి పడుతుంది.

ఇప్పుడు బిగింపు. ఎడమ ఒక చుట్టు, కుడి ఒక చుట్టు, మళ్లీ ఎడమ. ఒక వైపే నాలుగు చుట్లు తిప్పేసి రెండో వైపు రావొద్దు. మీ టర్న్‌బకుల్ మర 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ (సన్న మర ప్రమాణం) అయితే అంగుళానికి 24 మరలు. బాడీ ఒక చుట్టు తిరిగితే రెండు స్క్రూలూ లోపలికి వస్తాయి కాబట్టి పొడవు 2.1 మి.మీ. తగ్గుతుంది. 1/2 అంగుళం మరకు అది 2.5 మి.మీ. 10 మీటర్ల ష్రౌడ్‌లో 2.1 మి.మీ. అంటే 2 మీటర్లకు 0.42 మి.మీ., అంటే రెండు శాతం. కాగితం మీద 15 శాతానికి ఏడు చుట్లు. బోటులో ఇంకా ఎక్కువే పడతాయి, ఎందుకంటే హల్ (బోటు దేహం) కొంత లోపలికి వస్తుంది, మాస్టు కొంత కుదించుకుంటుంది. ఏడుకు బదులు పద్నాలుగు చుట్లు తిప్పినా అంకె కదలకపోతే మాత్రం ఏదో ఒకటి లొంగిపోతోందన్నమాట: చైన్ ప్లేట్ బోల్టో, అది పట్టుకున్న ప్లైవుడ్ గోడో, మాస్టు కింది దిమ్మో. ఇలాంటి చోటే చుట్లు లెక్కపెట్టుకునేవాళ్లకు గేజ్ రెట్టింపు పనికొస్తుంది. చుట్లూ అంకే కలిసి నడవకపోతే బోటు ఏదో చెబుతోంది.

లోయర్ ష్రౌడ్లు క్యాప్ ష్రౌడ్ల కంటే తక్కువ బిగువులో ఉండాలి. వాటికి గేజ్ కంటే కన్నే ముఖ్యం. మాస్టు వెనక గాడికి చెంప ఆనించి పైకి చూస్తే గాడి సూటిగా కనిపించాలి. మధ్యలో ఎడమకు పొట్ట వచ్చిందంటే కుడి లోయర్ బిగించాలి. ముందు లోయర్లూ వెనక లోయర్లూ వేరుగా ఉన్న రిగ్‌లో ముందువాటిని కొంచెం ఎక్కువ బిగిస్తే మాస్టు మధ్యభాగం ముందుకు వచ్చి, మెయిన్ సెయిల్‌కు కావాల్సిన కొద్దిపాటి వంపు దక్కుతుంది. అది వెనక్కి తిరగబడితే మాత్రం ప్రమాదమే. స్ప్రెడర్ కొనలు ష్రౌడ్ కోణాన్ని రెండు సమభాగాలు చేస్తున్నాయో లేదో ఈ పనిలోనే చూసేయండి. కొన కిందికి జారి ఉంటే ఏ బిగువూ దాన్ని కాపాడదు.

ఫోర్‌స్టే దగ్గర ఈ గేజ్‌కు హద్దు వస్తుంది. జిబ్ (ముందు తెరచాప) చుట్టే ఫర్లర్ ఉన్న బోట్లలో తీగ అల్యూమినియం గొట్టం లోపల ఉంటుంది, గేజ్ పెట్టడానికి వీల్లేదు. అప్పుడు బ్యాక్‌స్టే మీద చదివి లెక్క కట్టాలి. తల దాకా ఫోర్‌స్టే ఉన్న మాస్టుహెడ్ రిగ్ తీసుకోండి. మాస్టు 11 మీటర్లు, ఫోర్‌స్టే కింద 3 మీటర్లు ముందుకు, బ్యాక్‌స్టే 4.5 మీటర్లు వెనక్కి అనుకుందాం. కోణాలు దాదాపు 15, 22 డిగ్రీలు. తల ముందుకూ వెనక్కూ పోకుండా నిలవాలంటే బ్యాక్‌స్టేలో 300 కిలోలు ఉన్నప్పుడు ఫోర్‌స్టేలో 430 దాకా ఉంటుంది. బ్యాక్‌స్టే అంకె చూసి "ఇంకా చాలా ఉందిలే" అని హైడ్రాలిక్‌తోనో చక్రంతోనో లాగుతూ పోయేవాళ్లు ఈ లెక్క మరవకూడదు.

కట్టు దగ్గర పని అయ్యాక బయటికి వెళ్లి చూడాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున గాలి తిరుగుతూ, ఆగి ఆగి వస్తుంది. అక్కడ చూసి ఏమీ తేల్చలేం. బయట సముద్రంలో 12 నుంచి 15 నాట్ల గాలిలో, గాలికి ఎదురుగా వెళ్తూ, బోటు 20 డిగ్రీలు ఒరిగినప్పుడు గాలి చాటు వైపు క్యాప్ ష్రౌడ్ చూడండి. కాస్త మెత్తబడితే పర్వాలేదు. చేతికి తగిలి ఊగుతుంటే, అలలకు కొట్టుకుంటుంటే బిగువు చాలదు. వదులైన ష్రౌడ్ ప్రతి అలకూ ఒక్కసారిగా లాగబడుతుంది. అలా పదే పదే తినే దెబ్బకే స్వేజ్ పగుళ్లిస్తుంది, నిలకడగా ఉన్న భారానికి కాదు. బిగించాల్సి వస్తే చాటు వైపు మాత్రమే, అర చుట్టు. ట్యాక్ చేసి (గాలి రెండో పక్క నుంచి తగిలేలా బోటును తిప్పి) రెండో వైపు అదే అర చుట్టు. గాలి వైపు టర్న్‌బకుల్‌ను భారం మీద తిప్పొద్దు. కొత్త తీగ మొదటి కొన్ని ప్రయాణాల్లో పోగులు సర్దుకుని సాగుతుంది కాబట్టి, తిరిగొచ్చాక గేజ్ పెట్టి తగ్గిన మేరకు మళ్లీ బిగించాలి. ఇదే గేజ్ తన ధరను పూర్తిగా రాబట్టే చోటు.

టర్న్‌బకుల్ తిరిగిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్‌లు పెట్టకుండా ఏ బోటూ కట్టు విప్పకూడదు. పిన్ కాళ్లు 15, 20 డిగ్రీలు విడదీస్తే చాలు. పూర్తిగా మడిచేస్తే మళ్లీ తియ్యడం నరకం, విరిగే ప్రమాదం కూడా. తెరచాప చిరగకుండా పిన్ చుట్టూ టేపు వేస్తారు, మంచిదే. కానీ టర్న్‌బకుల్ మొత్తాన్ని, స్వేజ్‌తో సహా, టేపుతో చుట్టేసే అలవాటు విశాఖలో చేటు చేస్తుంది. లోపల ఉప్పునీరు నిలిచి, గాలి తగలని సందుల్లో స్టెయిన్‌లెస్ తుప్పు పట్టేది సరిగ్గా అలాంటప్పుడే. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండబట్టి 304 కంటే మెరుగ్గా తట్టుకుంటుంది, అంతేగానీ తుప్పు పట్టని లోహం కాదు.

గేజ్ చెప్పని సంగతుల్లో పెద్దది ఇదే. సగం పోగులు అలసిపోయిన తీగ కూడా గేజ్ మీద మంచి అంకే చూపిస్తుంది. అందుకని గేజ్ తీసిన ప్రతిసారీ ఒక పాత నూలుగుడ్డను తీగ వెంట కింది నుంచి జార్చండి. తెగిన పోగు ఉంటే దూది పట్టేస్తుంది. స్వేజ్ మెడ దగ్గర ఎర్రటి గీత, నిలువు పగులు కనిపిస్తే ఆ ష్రౌడ్ పని అయిపోయింది. అనుమానం ఉంటే డై పెనెట్రెంట్ (రంగుతో సన్న పగుళ్లు చూపించే) పరీక్ష చేయించండి. షిప్‌యార్డూ వెల్డింగ్ పనులూ ఉన్న ఊరు కాబట్టి ఆ మూడు స్ప్రే డబ్బాల పరీక్ష తెలిసిన చేతులు ఇక్కడ దొరుకుతాయి. పోర్టు వైపు నిలిపే బోట్లకు ఇంకో తలనొప్పి, ముడి ఇనుము, బొగ్గు ధూళి. ఇనుప రేణువులు స్టెయిన్‌లెస్ మీద కూర్చుని తుప్పు పట్టి మచ్చలు చేస్తాయి, చూడ్డానికి తీగే తుప్పు పట్టినట్టుంటుంది. మంచినీళ్లతో కడిగి, నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డతో రుద్ది, మళ్లీ కడిగితే పై మచ్చ పోతుంది. పోకుండా అదే చోట మళ్లీ మళ్లీ వస్తే అది లోపలి తుప్పే.

డింగీలవాళ్లకు కొలత తీసే సమయమే వేరు. 420, 470లలో బ్యాక్‌స్టే ఉండదు, ష్రౌడ్ కింద టర్న్‌బకుల్‌కు బదులు చిల్లుల ప్లేటు ఉంటుంది. బిగువంతా జిబ్ హాల్‌యార్డ్ నుంచి వస్తుంది. కాబట్టి జిబ్ ఎక్కించి, హాల్‌యార్డ్‌ను గుర్తు దాకా లాగాకే ష్రౌడ్ మీద గేజ్ పెట్టాలి. ఆ హాల్‌యార్డ్ గుర్తునే అంకెతో కట్టిపెట్టుకుంటే రేసు మధ్యలో గేజ్ లేకుండానే గాలిని బట్టి మార్చుకోవచ్చు. తెరచాప తయారీదారులు ఇచ్చే ట్యూనింగ్ పట్టికల్లో 'లూస్' అని ఉంటే ఏ మోడలో తప్పక చూడండి. పాత 'ఏ' (A) మోడల్ అంకె వేరు, పీటీ అంకె వేరు. ఒకదాని అంకెను ఇంకోదాని మీద పట్టిస్తే రిగ్ చాలా వదులో, విపరీతంగా బిగువో అవుతుంది.

సంరక్షణ పెద్ద పనేమీ కాదు, కానీ మానితే గేజ్ పోతుంది. అల్యూమినియం బాడీ మీది పూత గీసుకుపోయిన చోట, స్టెయిన్‌లెస్ తగిలే చోట, ఉప్పు చేరితే తెల్లటి పొడి కడుతుంది. స్ప్రింగు కొలికి బిగుసుకుంటే అంకె ఎక్కువో తక్కువో చూపించడం మొదలెడుతుంది. వాడిన ప్రతిసారీ మంచినీళ్లలో ముంచి తీసి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో పెట్టండి. కాక్‌పిట్ లాకర్లో తడి తాళ్ల మధ్య వదిలేయొద్దు. తీగ ఆనే చోట గ్రీజు పూయొద్దు. పనిచేసేటప్పుడు దాని తాడును మణికట్టుకో లైఫ్‌లైన్‌కో కట్టుకోండి, నీళ్లలో పడితే తేలదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. బోటును వదిలి వెళ్లేటప్పుడు "బరువు తగ్గిద్దాం" అని ష్రౌడ్లు వదులు చేసి మాస్టు నిలబెట్టి ఉంచడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు; గాలికి మాస్టు కొట్టుకుని ఫిట్టింగులు విరుస్తుంది. ఉంచితే పూర్తి బిగువులో ఉంచాలి, లేదా మాస్టు దించెయ్యాలి. దించేముందు ప్రతి ష్రౌడ్ గేజ్ అంకె, టర్న్‌బకుల్ రెండు కొనల్లో బయటికి కనిపించే మర పొడవు వెర్నియర్‌తో కొలిచి రాసుకుంటే, జనవరిలో మళ్లీ ఎక్కించినప్పుడు పూర్తి రోజు పని పూటలో తేలుతుంది.

ధర సంగతికొస్తే, అమెరికా దుకాణాల్లో పీటీ-1, పీటీ-2 రకాలు 100 నుంచి 200 డాలర్ల మధ్య ఉంటాయి. రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. నలుగురు కలిసి తెప్పించుకుని పంచుకుంటే భారం అనిపించదు. ఏడాదిలో ఒక్కో బోటుకు దీని అవసరం కొన్ని గంటలే. ఆర్డరిచ్చేముందు అమ్మేవారిని రెండు అడగండి: మోడల్ పేరు చివర 'ఎం' ఉందా, గేజ్ మీది పట్టికలో మీ తీగ మందం మిల్లీమీటర్లలోనే అచ్చయి ఉందా. పాత గేజ్ కొంటుంటే మీ తీగ మీదే పెట్టి, పక్కన స్టీలు టేపుతో 2 మి.మీ. సందు వచ్చేదాకా బిగించి చూడండి. పట్టిక పదిశాతానికి దగ్గర చూపిస్తే తీసుకోండి. ఎనిమిది, పన్నెండు మధ్యకు కూడా రాకపోతే స్ప్రింగు పోయినట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.